తిరుపతిలో ఇంటి దగ్గర కారు చార్జింగ్: 15 ఆంప్స్ ప్లగ్గు చాలా, త్రీ ఫేజ్ తప్పదా?

ఎమ్మార్‌పల్లి_వాసి:

అన్నలూ, ఇక్కడ ఎలక్ట్రిక్ కారు వాడేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. నెక్సాన్ ఈవీ, 30 కిలోవాట్ అవర్, అంటే 30 యూనిట్లు పట్టే బ్యాటరీది తీసుకుందామని ఉంది. ఇంట్లో అందరూ సరే అన్నారు, నాన్న ఒక్కరే అడ్డం పడుతున్నారు, రాత్రంతా కారుకి కరెంటు పెట్టి పడుకుంటే ఇల్లు అంటుకుంటుందని ఆయన భయం.

ఎమ్మార్‌పల్లిలో సొంత ఇల్లు, కింద మేముంటాం, పైన అద్దెకిచ్చాం, వాళ్ల మీటరు వేరే. కారు పోర్టికోలో పెడతాను. ఆఫీసు రేణిగుంట దగ్గర, పోనూ రానూ 30 కిలోమీటర్ల దాకా పడుతుంది. నెలకి ఒకటి రెండుసార్లు చిత్తూరు అత్తగారింటికి, ఎప్పుడైనా కొండకి. అన్నీ కలిపి నెలకి వెయ్యి కిలోమీటర్లు వేసుకోండి.

మాకు మామూలు నెలల్లో 200 యూనిట్లు కాలుతుంది, ఎండాకాలం ఏసీలతో 350 దాకా వెళ్తుంది. ఇప్పుడు కారు కూడా కలిస్తే స్లాబు మారిపోయి మొత్తం బిల్లు డబల్ అవుతుందని మా కొలీగ్ భయపెడుతున్నాడు. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే, సింగిల్ ఫేజ్, అంటే మాకున్న మామూలు ఒక లైను కనెక్షన్ మీద కారు ఎక్కదు, మూడు లైన్ల త్రీ ఫేజ్ తీసుకోవాల్సిందే, అన్నీ కలిపి యాభై వేల పైమాటే అన్నాడు. కారు కొనకముందే యాభై వేలా అని గుండె జారిపోయింది. నిజంగా వాడుతున్నవాళ్లు చెప్పండి, యూట్యూబ్ చూసి వద్దు.

బైరాగిపట్టెడ_బాబాయ్:

బ్రో, ముందు ఆ స్లాబుల టెన్షన్ వదిలెయ్. మీ కొలీగ్ చెప్పేది పాత లెక్క. అప్పట్లో ఏ, బీ, సీ అని గ్రూపులు ఉండేవి, 225 దాటితే మొదటి యూనిట్ నుంచీ ఖరీదైన గ్రూపులోకి పోయేవాళ్లం. 2022లో ఆ గ్రూపులు తీసేశారు. ఇప్పుడు దాటిన యూనిట్లకి మాత్రమే పై రేటు, కింద వాడినవాటికి కింది రేటే. 2022లో వచ్చిన రేట్లు ఇవి: మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. నీ బిల్లు వెనక్కి తిప్పి ఒకసారి సరిచూసుకో, రేట్లు ఏమైనా కదిలి ఉంటే అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు కారు సంగతి. నేను టియాగో ఈవీ వాడుతున్నాను. ఏసీ వేసుకుని మన ఊరి ట్రాఫిక్‌లో తిప్పినా, చార్జింగ్‌లో వేడిగా పోయే కరెంటు కలుపుకున్నా, గోడ ప్లగ్గు నుంచి లాగిన యూనిట్‌కి ఆరు కిలోమీటర్లు ధైర్యంగా వేసుకోవచ్చు. నెక్సాన్‌కీ అదే వేసుకో. వెయ్యి కిలోమీటర్లకి 167 యూనిట్లు. నీ 200 మీద ఇవి ఎక్కితే, మొదటి 25 యూనిట్లు 6 రూపాయల్లో పోతాయి, మిగతా 142 యూనిట్లు 8.75లో. రెండూ కలిపి 1,390 చిల్లర. ఎండాకాలం 350 మీద ఎక్కితే 50 యూనిట్లు 8.75లో, మిగతావి 9.75లో, 1,580 అవుతుంది. డ్యూటీ, సర్దుబాటు చార్జీలు అని బిల్లు అడుగున వేస్తుంటారు కదా, అవి దీని మీద వేరే. అయినా కిలోమీటరుకి రూపాయిన్నర, ఎంత లాగినా రెండు రూపాయల లోపే. పెట్రోలు లీటరు 110 దగ్గర ఉంది, టౌన్లో 15 ఇచ్చే బండికి కిలోమీటరుకి ఏడు రూపాయల పైనే.

త్రీ ఫేజ్ గురించి ఒక్క మాట. నీ రోజువారీ తిరుగుడు 30 కిలోమీటర్లు, అంటే 5 యూనిట్లు. కారుతో వచ్చే 15 ఆంప్స్ పోర్టబుల్ చార్జరు 3 కిలోవాట్ల దగ్గర లాగుతుంది. రెండు గంటల్లో అయిపోయే పని, నీకేమో రాత్రంతా టైముంది. ఇంక త్రీ ఫేజ్ ఎందుకు? మా ఇంట్లో సింగిల్ ఫేజే.

డీజిల్_మామ:

అందరూ కిలోమీటరు లెక్కే చెప్తారు, కారు రేటు ఎవరూ చెప్పరు. అదే సైజు పెట్రోలు కారుకీ దీనికీ రెండు మూడు లక్షలు తేడా ఉంటుంది. పైగా 2025 సెప్టెంబరు నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దించారు, ఎలక్ట్రిక్‌కి ముందు నుంచీ 5 శాతమే కాబట్టి దీనికి కొత్తగా తగ్గిందేమీ లేదు, తేడా ఇంకా పెరిగింది. నువ్వు నెలకి వెయ్యి తిరిగితే ఐదారు వేలు మిగులుతుంది, మూడు లక్షలు రావాలంటే నాలుగేళ్ల పైన. నాలాగా నెలకి 400 తిరిగేవాడికి పదేళ్లు పడుతుంది, అప్పటికి బ్యాటరీ వారంటీ కూడా అయిపోతుంది. నేను ఈవీకి వ్యతిరేకిని కాదు స్వామీ, తిరిగేవాడికి మంచిదే. కారుని ఇంటి ముందు ముగ్గు పక్కన నిలబెట్టి వారానికోసారి కొండకి పోయేవాళ్లకి దండగ.

ఇంకొకటి. బెంగళూరో చెన్నైయో తరచుగా పోయేవాడివైతే, దారిలో ఫాస్ట్ చార్జర్ల దగ్గర జీఎస్టీతో కలిపి యూనిట్ 20 రూపాయలు దాటుతుంది. అక్కడ నీ రూపాయిన్నర లెక్క చెల్లదు, కిలోమీటరుకి మూడుకి పైనే.

బైరాగిపట్టెడ_బాబాయ్:

మామా, చెప్పింది కరెక్టే, ఒప్పుకుంటా. అందుకే ఇంట్లో ప్లగ్గు పెట్టుకునే వీలు లేనివాళ్లకి నేను కొనమని చెప్పను. ఇతనికి పోర్టికో ఉంది, రోజూ తిరుగుడు ఉంది.

ఎర్త్_పిట్:

సార్, నేను వైరింగ్ కాంట్రాక్టు పనులు చేస్తాను, చంద్రగిరి వైపు. కార్లకి పాయింట్లు చాలానే పెట్టాను. మీ ఎలక్ట్రీషియన్ తప్పు పట్టుకోవాల్సిన చోట పట్టుకోకుండా లేనిచోట పట్టుకున్నాడు. సింగిల్ ఫేజ్ మీద 7.2 కిలోవాట్ల గోడ చార్జరు కూడా నడుస్తుంది, అది 32 ఆంప్స్ లాగుతుంది, దానికి మాత్రం కాంట్రాక్టెడ్ లోడ్, అంటే మీ కనెక్షన్‌కి రాసిచ్చిన కిలోవాట్లు, పెంచుకోవాలి, మీటరు, సర్వీసు వైరు తట్టుకుంటాయా చూడాలి, అక్కడ కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని కలిస్తే సింగిల్ ఫేజ్ మీదే ఇస్తారా త్రీ ఫేజ్‌కి మారమంటారా చెప్తారు. మీ అవసరానికి 15 ఆంప్స్ చాలు. దానికైనా బిల్లు మీద మీ లోడ్ ఎంత రాసి ఉందో చూడండి. చాలా ఇళ్లకి ఒకటో రెండో కిలోవాట్లు అని ఉంటుంది, లోపల మూడు ఏసీలు ఆడుతుంటాయి. కారుతో కలిపి ఐదు దాకా రాయించుకోండి. ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కి నెలకి 10 రూపాయలే.

మీ నాన్నగారి భయం ఉత్తది కాదు, తీసిపారెయ్యకండి. గీజరు కూడా రెండు మూడు కిలోవాట్లే, కానీ పది నిమిషాలు వేసి ఆపేస్తాం. కారు ఆగకుండా గంటల తరబడి అదే కరెంటు లాగుతుంది. పాత ప్లగ్గులో పట్టు వదులైతే, లోపల స్క్రూ కొంచెం లూజుగా ఉంటే, అక్కడ వేడి పుడుతుంది. నేను మార్చిన ఒక సాకెట్‌లో పైన తెల్లగా బాగానే ఉంది, విప్పి చూస్తే ఫేజ్ పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, వైరు ఇన్సులేషన్ గోరు తగిలితే పొడిపొడిగా రాలిపోతోంది. ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి, పడలేదు, ఎందుకంటే కరెంటు ఎక్కువేమీ పోలేదు, 13 ఆంప్సే పోయింది. ఎంసీబీకి ఆంప్స్ తెలుస్తాయి, లూజు స్క్రూ తెలియదు. కాబట్టి పెట్టిన మొదటి వారం, చార్జింగ్ మొదలైన గంటకి ప్లగ్గు తల మీద వేళ్లు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, వేళ్లు నిలవకపోతే ఆపేసి సాకెట్ విప్పించండి.

చేయించాల్సింది ఇదీ. మీటరు బోర్డు నుంచి పోర్టికోకి విడిగా ఒక లైను, 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, మధ్యలో ఇంకే పాయింటూ తగలకూడదు. 20 ఆంప్స్ ఎంసీబీ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ. మామూలు మాడ్యులర్ సాకెట్ బదులు మెటల్ బాక్సులో వచ్చే ఇండస్ట్రియల్ సాకెట్. వర్షం జల్లు పడని చోట, ఛాతీ ఎత్తులో. ఇన్వర్టర్ లైనుకి అస్సలు కలపకూడదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఊసే వద్దు. ఇంటి లోపల దూరాన్ని బట్టి, వైరూ సామానూ కూలీ కలిపి మీ యాభై వేలలో చిన్న ముక్కతో అయిపోతుంది. ఖర్చు పెట్టాలనుకుంటే ఎర్తింగ్ మీద పెట్టండి. త్రీ ఫేజ్ మీద వద్దు.

ఎమ్మార్‌పల్లి_వాసి:

థాంక్స్ అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. పోర్టికోలో ఇప్పుడే ఒక 15 ఆంప్స్ ప్లగ్గు ఉంది, ప్రెషర్ వాషర్‌కి వాడతాం. నిన్న షోరూం అబ్బాయి డెమోకి వచ్చి చార్జరు అందులో పెడితే ఎర్రలైటు వచ్చింది, చార్జింగ్ ఎక్కలేదు. మా ఎలక్ట్రీషియన్ చూసి ఎర్తు అందడం లేదు, ప్లగ్గులో న్యూట్రల్‌కీ ఎర్తుకీ చిన్న లింకు వేస్తే పచ్చలైటు వచ్చేస్తుంది, రెండు నిమిషాల పని అన్నాడు. వేయించమంటారా?

ఎర్త్_పిట్:

వద్దు సార్. వేస్తానన్నవాడిని మళ్లీ ఇంటికి పిలవకండి.

ఎర్రలైటు మిమ్మల్ని కాపాడటానికే వచ్చింది. లింకు వేస్తే చార్జరు మోసపోయి పచ్చలైటు ఇస్తుంది, నిజమే. కానీ ఎప్పుడైనా స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ వైరు ఊడిందనుకోండి, ఆ లింకు గుండా కారు బాడీకి 230 వోల్టులు వచ్చి కూర్చుంటుంది. కారేమో రబ్బరు టైర్ల మీద ఉంటుంది, ఆ కరెంటు భూమిలోకి పోదు. పొద్దున్నే ఎవరో చెప్పుల్లేకుండా వచ్చి డోరు హ్యాండిల్ పట్టుకుంటారు. పోర్టికో కడిగిన తడి కూడా ఉంటుంది. ఇంక చెప్పక్కర్లేదు.

వోల్టులు చూసే మీటరు ప్లగ్గులో పెట్టి చూడమనండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత ఉందో, ఫేజ్‌కీ ఎర్తుకీ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. మన వైపు నేల రాతినేల, ఎండాకాలం వచ్చేసరికి ఎండి పలుగుకి కూడా లొంగదు, ఇల్లు కట్టినప్పుడు వేసిన ఎర్తు పైపు అప్పుడు బాగానే ఉండి ఇప్పుడు పనిచేయడం మానేసి ఉంటుంది. చాలా ఇళ్లలో దాని మీద టైల్స్ వేసి ఎక్కడుందో కూడా మర్చిపోయారు. కొత్తగా ఒక పిట్టు తీయించండి, పైపో రాడ్డో వేసి చుట్టూ బొగ్గు ఉప్పు గానీ, ఇప్పుడు వచ్చే ఎర్తింగ్ పౌడరు గానీ నింపించండి, పైన చిన్న మూత పెట్టించుకుని ఎండాకాలం వారానికి రెండు బిందెలు నీళ్లు పోయండి. బొగ్గు ఉప్పు వేస్తే పైపు తొందరగా తుప్పు పడుతుంది, అందుకని నేను పౌడరే వేయిస్తాను.

కొర్లగుంట_ఫ్లాట్_304:

సొంత ఇళ్లవాళ్లు అదృష్టవంతులు. మాది అపార్ట్‌మెంటు, సెల్లార్‌లో పార్కింగ్. నా మీటరు నుంచి నా ఖర్చుతో నా పార్కింగ్ దాకా కేబుల్ లాక్కుంటానంటే అసోసియేషన్ వాళ్లు ఆరు నెలలు మీటింగులు పెట్టారు. ఒకాయన కామన్ మీటరు మీద పడుతుందన్నాడు, ఇంకొకాయన బ్యాటరీ పేలుతుందన్నాడు, మూడో ఆయనకి కారే లేదు, అయినా ఆయన గొంతే పెద్దది. కేంద్రం 2022 జనవరిలో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో ఇంట్లోనో ఆఫీసులోనో ఉన్న కనెక్షన్‌తోనే చార్జింగ్ పెట్టుకోవచ్చని, ఇంటి దగ్గరి చార్జింగ్‌కి ఇంటి టారిఫే అని ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి నోటీసు బోర్డుకి అంటించాక మెత్తబడ్డారు.

సెల్లార్ వాళ్లకి ఒక జాగ్రత్త. 2021 నవంబరులో మన ఊరు మునిగినప్పుడు సెల్లార్లలో కార్లు పడవల్లా తేలాయి కదా. అందుకే మా సాకెట్ బాక్సు భుజం ఎత్తులో పెట్టించాను, మెయిన్ ఎంసీబీ పైన మీటర్ల గదిలో ఉంది, కిందికి దిగకుండానే ఆపెయ్యొచ్చు. వాయుగుండం వార్త వస్తే ముందే కారు తీసి రోడ్డు మీద ఎత్తైన చోట పెడతాను. బ్యాటరీకి నీళ్లు పోని రేటింగ్ ఉంటుందంటారు గానీ, ఆ రేటింగ్ నా కారుతోనే టెస్టు చేయాలని నాకేం సరదా లేదు.

ఎమ్మార్‌పల్లి_వాసి:

ఒక అనుమానం. కారుకి విడిగా మీటరు తీసుకుంటే ఈవీ రేటు తక్కువ అని ఎక్కడో చదివాను. తీసుకోవాలా?

బైరాగిపట్టెడ_బాబాయ్:

చార్జింగ్ కేటగిరీకి యూనిట్ 6.70 ఉండేది, నేను చూసినప్పుడు. నీ 167 యూనిట్లకి 1,120 అవుతుంది. ఇంటి మీటరు మీద పెడితే 1,390, ఎండాకాలం 1,580. నెలకి మిగిలేది 270 నుంచి 460. దానికోసం కొత్త కనెక్షన్, డిపాజిట్, ఇంకో మీటరు, ఇంకో బిల్లు, ఆఫీసు చుట్టూ తిరగడం. ట్యాక్సీ తిప్పేవాడికి, ఇంట్లో రెండు కార్లున్నవాడికి అయితే తప్పకుండా లాభం. నీకైతే నేను వద్దనే అంటాను.

చిత్తూరు_సోలార్:

విడి మీటరు కంటే సోలార్ ఆలోచించండి సార్. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ వస్తుంది, ఇంటి మీద నీడ పడకపోతే మన ఎండకి రోజుకి 12 యూనిట్ల దాకా ఉత్పత్తి, నెలకి 350 చిల్లర. మీ 200, కారు 167 కలిపితే 367. దాదాపు సరిపోయింది. కారు పగలు ఆఫీసులో ఉంటుంది కదా, ఎండ పోయాక చార్జింగ్ ఎలా అని అందరూ అడుగుతారు. నెట్ మీటరింగ్‌లో పగలు గ్రిడ్‌కి పోయిన యూనిట్లు రాత్రి వాడుకున్నవాటితో చెల్లు అవుతాయి, కాబట్టి ఎప్పుడు పెట్టినా ఒకటే. ఒక్కటే తిరకాసు, కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది, బ్యాటరీ లేని సిస్టమ్ అలాగే ఉంటుంది. మా వీధిలో ఒకాయన ఇది తెలియక వెండరుతో పెద్ద గొడవ పెట్టుకున్నాడు. ఇంకో సంగతి, పైన అద్దెకున్నవాళ్లు మేడ మీద బట్టలారేసుకునే చోటు ఎక్కడో ముందే మాట్లాడుకోండి, ప్యానెళ్లు వచ్చాక ఆ పంచాయితీ వద్దు.

ఎమ్మార్‌పల్లి_వాసి:

హహ, ఆ పంచాయితీ గ్యారంటీగా వస్తుంది. సోలార్ వచ్చే ఏడాది చూస్తాను. కొండెక్కితే చార్జింగ్ ఎంత తాగుతుంది? చిన్న బ్యాటరీ కదా అని అడుగుతున్నా.

డీజిల్_మామ:

అది భయపడాల్సిన పనే లేదు, నేనే చెప్తున్నా చూడు. ఆర్టీసీ వాళ్లు 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులే ఎక్కిస్తున్నారు ఆ ఘాట్‌లో, నీ కారు ఎక్కదా?

బైరాగిపట్టెడ_బాబాయ్:

అలిపిరి నుంచి పైకి ఏడొందల మీటర్ల ఎత్తు. టన్నున్నర బండిని అంత ఎత్తుకి లేపడానికే మూడు యూనిట్ల దగ్గర కావాలి, దూరానికి ఇంకో రెండున్నర. మొత్తం ఐదారు, నీ బ్యాటరీలో ఐదో వంతు. దిగేటప్పుడు రీజెన్, అంటే బండి వేగం తగ్గేటప్పుడు మోటారే బ్యాటరీని నింపే పద్ధతి, పెంచి పెట్టుకుంటే కొంత తిరిగొస్తుంది, బ్రేకు తొక్కే పని కూడా పెద్దగా ఉండదు. ఒక్కటి గుర్తుపెట్టుకో, కొండ మీదే వంద శాతం చేసుకుని దిగొద్దు. బ్యాటరీ నిండుగా ఉంటే రీజెన్ పనిచేయదు, దిగినంతసేపూ మామూలు బ్రేకుల మీదే దిగాలి.

ఎమ్మార్‌పల్లి_వాసి:

సరే అన్నా. నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. ఎర్తు పిట్టు సంగతి విన్నాక ఆయనే తవ్వించే చోటు చూపించారు, ఇల్లు కట్టినప్పుడు పాత పైపు సంపు పక్కన వేశారట. ఎర్త్_పిట్ అన్నా, చివరిగా ఒకటి. ప్రెషర్ వాషర్ ప్లగ్గుకి గోడలోంచి పైపు ఉంది కదా, 4 ఎంఎం వైరు అందులోంచే లాగొచ్చా? గోడ పగలగొట్టాలంటే అమ్మ ఊరుకోదు. అత్తగారింట్లో ప్లగ్గుకి కూడా ఇదే చెక్ చేయాలా?

ఎర్త్_పిట్:

ఆ పైపులో ఇప్పటికే రెండు మూడు సర్క్యూట్లు పోతుంటాయి సార్, అందులో ఇరికిస్తే వైరు చల్లారదు. గోడ పగలగొట్టొద్దు, బయట గోడకి క్లాంపులతో పీవీసీ పైపు కొట్టించండి, మీటరు బోర్డు నుంచి పోర్టికో సీలింగ్ అంచునే వస్తే కనిపించదు కూడా, రంగు వేసేస్తే గోడలో కలిసిపోతుంది. అత్తగారింట్లో పెట్టే ముందు మాత్రం మీటరు పెట్టి చూడకుండా పెట్టకండి, పాత ఇళ్లలో మూడో పిన్నుకి వైరే ఉండదు. చిత్తూరు పోయి రావడానికి 140, 150 కిలోమీటర్లే కదా, ఇక్కడే నిండా ఎక్కించుకుపోతే అక్కడ పెట్టే పనే ఉండదు.

ఎమ్మార్‌పల్లి_వాసి:

అయితే ఆదివారం మీరే వచ్చి చేసిపెట్టండి అన్నా, మెసేజ్ పెట్టాను చూడండి.